ఎవరిష్టం వాళ్లది

ఒహాయోలో ఒక బౌలింగ్ హాలు. శనివారం ఉదయం, ఇంకా తలుపులు తెరవలేదు. ఆడటానికి వచ్చేవాళ్లకు అద్దె బూట్లు ఇచ్చే కౌంటర్‌లో పనిచేసే రోండా, యజమాని స్టాన్ గదిలోకి వచ్చింది.

“స్టాన్, నీకో మాట చెప్పాలి.”

“ముందు నన్ను చెప్పనీ రోండా, ధైర్యం ఉండగానే. సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదు.”

“రానక్కర్లేదంటే? సెలవా?”

“సెలవే. కాస్త పెద్దది.”

“తీసేస్తున్నావా నన్ను? ఆ మాటేదో నోరు తెరిచి చెప్పు.”

“తీసేస్తున్నాను.”

“ఎందుకు?”

“కారణం చెప్పొద్దన్నాడు లాయరు.”

“పద్నాలుగేళ్లు ఊళ్లోవాళ్ల చెమట బూట్లన్నీ వాసన చూశాను. ఓ కారణం కూడా దక్కదా?”

“చెప్తే కేసు వేస్తావట. చెప్పకపోతే వేయలేవట.”

“అబ్బో. పిచ్చి కారణం చెప్తే తప్పు, అసలు చెప్పకపోతే న్యాయమా?”

“ఆ చట్టం నేను రాశానా? చేరేటప్పుడే అనుకున్నాంగా, ఎవరిష్టం వాళ్లదని. నేనెప్పుడైనా తీసేయొచ్చు, నువ్వెప్పుడైనా మానేయొచ్చు. ఇద్దరికీ సమానం.”

“ఏం సమానం నాయనా? నువ్వు తీసేస్తే ఉద్యోగంతో వచ్చిన నా హెల్త్ ఇన్సూరెన్స్ పోతుంది. వచ్చే నెల మోకాలి ఆపరేషన్. నేను మానేస్తే నీకేం పోతుంది? నాలుగు రోజులు బూట్లు నువ్వే అందిస్తావు.”

“మరి మన మెకానిక్ కెన్నీ? పోటీల రోజున పిన్నులు నిలబెట్టే మెషీన్ విప్పి, నట్లన్నీ నేలమీద పరిచి, సిగరెట్టు కాల్చుకొస్తానని వెళ్లాడు. ఫ్లోరిడాలో తేలాడు. నేనెవరితో చెప్పుకోను?”

“వాడో వెధవ. నేను కెన్నీనా?”

“కాదు. అందుకేగా పొద్దున్నుంచీ ఈ గదిలోనే దాక్కున్నాను.”

“సరే. ఎవరిష్టం వాళ్లదేగా? నా ఇష్టం ఇప్పుడే. ఇవిగో తాళాలు.”

“ఇప్పుడేనా? సాయంత్రం చర్చివాళ్ల బౌలింగ్ పోటీల ఫైనల్ ఉంది.”

“తెలుసు. బూట్లలో వాసన పోయే మందు కొట్టేటప్పుడు ముక్కు మూసుకో. ఫాదర్ గారివైతే కళ్లు కూడా.”

“రోండా, కూర్చో. ఏం కావాలి నీకు?”

“మూడు నెలలు నా ఇన్సూరెన్స్ నువ్వు కట్టు. ఆ మాట రాసి సంతకం పెట్టు. కారణం కూడా చెప్పు.”

“లాయరు...”

“అయితే సాయంత్రం బూట్లు లాయర్నే అందించమను.”

“సరే, సరే, రాస్తున్నాను. కారణం కూడా విను. జనం రావడం లేదు. కౌంటర్‌కి ఇద్దరిని పెట్టుకోలేను. నువ్వైనా పోవాలి, మా తమ్ముడైనా పోవాలి. వాడు ఒక్కడూ బూట్లు కూడా అందించలేని పనికిమాలినవాడని నాకూ తెలుసు. వాడిని తీసేస్తే అమ్మ అన్నం ముట్టదు. నీ మొహం చూడాలంటే సిగ్గుగా ఉంది, అదీ సంగతి.”

“ఈ ముక్క ముందే చెప్తే లాయరు ఫీజైనా మిగిలేది.”

“తిట్టుకో. సాయంత్రం ఉంటావుగా?”

“ఉంటాను.”

“బతికించావు. అవునూ, రాగానే ఏదో చెప్పాలన్నావు?”

“ముందా కాగితం ఇటివ్వు. ఆ... నది అవతలి బౌలింగ్ హాలువాళ్లు పనికి పిలిచారు. సోమవారం చేరుతున్నాను. అక్కడ మొదటి మూడు నెలలూ ఇన్సూరెన్స్ ఉండదట, ఆపరేషన్ ఎలాగా అని రాత్రంతా నిద్రలేదు. మానేస్తున్నానని చెబుదామనే వచ్చాను స్టాన్. నువ్వు చెప్పనిచ్చావా?”