ఆరనంటే ఆరనన్న బెరిల్ బాయిలర్

ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో జూన్ వాన ఎప్పుడాగుతుందని ఎవరూ అడగరు. పచ్చిక మీద బంతులు దొర్లిస్తున్న క్లబ్బు జనం ఆట సగంలో వదిలేసి, తడిసిన టోపీలు దులుపుకుంటూ వరండాలోకి వచ్చి పడ్డారు. లోపల టీ మరుగుతోంది. పళ్ళెంలో స్కోన్‌లనే చిన్న రొట్టెలున్నాయి. ఎవరూ ఎక్కడికీ కదిలే దారి లేదు. క్లిఫర్డ్ సగ్డెన్‌కి ఇంతకన్నా ఏం కావాలి?

ఊళ్ళో ఇళ్ళకి నలభై ఏళ్ళు, నీళ్ళు కాచి గదులు వెచ్చబెట్టే బాయిలర్లు బిగించి, బాగుచేసి, రిటైరైన మనిషి క్లిఫ్. ఆయన నోరు మాత్రం ఇంకా ఉద్యోగంలోనే ఉంది.

ఇవాళ ఆ నోటికి కాస్త కంగారుగా కూడా ఉంది. ఎదురు బల్ల దగ్గర బెరిల్ స్కోనుకి వెన్న రాసుకుంటూ, ఇందాకే చల్లగా ఒక మాట అనేసింది. సోమవారం వాళ్ళల్లుడు పాత బాయిలర్ పీకించి కొత్తది పెట్టిస్తున్నాడట. పదేళ్ళు గ్యారంటీ అట. ఏ తేడా వచ్చినా కంపెనీ మనుషులే పరిగెత్తుకొస్తారట.

రెండేళ్ళలో ఏడుసార్లు ఫోన్ చేసింది బెరిల్, "ఇల్లు కాలిపోతోంది క్లిఫ్, వేడి ఆగట్లేదు, ఓసారొస్తావా?" అని. ఏడుసార్లూ వెళ్ళాడు. పని పది నిమిషాలు, కబుర్లు మూడు గంటలు. సోమవారం తర్వాత ఆ తలుపు ఏం చెప్పి తట్టాలి? భయమేస్తే కొందరు నోరు మూసుకుంటారు. క్లిఫ్ తెరుస్తాడు.

"ఆ బాయిలర్‌ని పీకేస్తారా? దాని సంగతి తెలిసే అంటున్నారా?" అని మొదలుపెట్టాడు. "మొదటిసారి వెళ్ళినప్పుడు చిన్న గొడవే అనుకున్నా. గోడ మీద వేడి సర్దే థర్మోస్టాట్‌ని అట్టడుక్కి తిప్పేసి కూర్చుంది పాపం బెరిల్. గదుల్లో వేడినీళ్ళు తిరిగే రేడియేటర్లేమో భగభగ. గడపలో నిలబడి ఒక్కసారి గాలి పీల్చి, థర్మోస్టాట్ తప్పు కాదు పొమ్మన్నా. నమ్మలేదు. దాని బ్యాటరీలు పీకి చేతిలో పెట్టా. వేడి తగ్గలేదు. టైమరు ఆపేశా. తగ్గలేదు. మెయిన్ స్విచ్చి కూడా కట్టేశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"దీపాలు ఆరిపోయుంటాయి," అన్నాడు బస్సు నడిపే రాన్.

"వేడి రెట్టింపైంది! గోడల మీది కాగితం చుట్టలు చుట్టుకుని కిందకి దిగిపోయింది. పిల్లి ఇల్లు మారింది. అది జనవరి నెల. ఊరంతా మోకాలిలోతు మంచు. బెరిల్ ఇంటి కప్పు మీద మాత్రం తేనెటీగలు!"

"నా బస్సు రోజూ ఆ వీధిలోంచే పోతుంది. నాకొక్క ఈగైనా కనపళ్ళేదే?"

"నువ్వు రోడ్డు చూస్తావా, ఈగల్ని చూస్తావా? ఆఫ్రికా వెళ్ళాల్సిన పిట్టలు ఆ కప్పు చూసుకుని ప్రయాణం మానుకున్నాయి. కొండ మీది గొర్రెలన్నీ దిగొచ్చి ఆ ఇంటి గోడకి చేరబడ్డాయి. పొద్దున్నకి ఒంటి మీది ఉన్ని అంతా దానంతటదే ఊడి కిందపడింది. ఉన్ని కత్తిరించేవాళ్ళు నన్నెన్ని తిట్టారనుకున్నావ్!"

టీ పోస్తున్న డెనిస్ కెటిల్ బల్ల మీద పెట్టేసి, నవ్వాపుకోలేక నడుముకి కట్టుకున్న ఏప్రన్‌తో మొహం తుడుచుకుంది. బెరిల్ నవ్వలేదు. వెన్న రాస్తూనే ఉంది. ఆ స్కోను మీద ఇప్పటికి మూడు పూతలు పడ్డాయి.

క్లిఫ్ ఆవిడ వైపు చూడకుండా టీలో చక్కెర కలుపుకున్నాడు. నిజం వేరే ఉంది మరి. మొదటిసారి, రేడియేటర్లలోకి వేడినీళ్ళు వదిలే వాల్వు నిజంగానే పట్టేసింది, మార్చాడు. ఆ తర్వాత ఆరుసార్లూ ఒకటే సంగతి. మేడమీద తువ్వాళ్ళుండే అలమరలో, ఆ వాల్వు పక్కనే చిన్న మీట ఉంటుంది. అది కొక్కేనికి తగులుకుని ఉంటే, స్నానాలకి నీళ్ళు కాగినప్పుడల్లా రేడియేటర్లూ కాగుతాయి. తువ్వాళ్ళు సర్దుతుంటే తగిలి ఉంటుందనుకున్నాడు. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెబితే ఆవిడ జాగ్రత్తపడుతుంది. జాగ్రత్తపడితే ఫోన్ చెయ్యదు. అందుకని ఆరుసార్లూ చెప్పలేదు.

"ఇక లాభం లేదని," అని గొంతు పెంచాడు, "గొట్టంలోకి దిగాను."

"ఎందులోకి?" అంది డెనిస్.

"గొట్టంలోకి. హాల్లో రేడియేటర్ విప్పి, అందులోంచి."

"ఎంత లావుంటుందయ్యా ఆ గొట్టం?"

"బొటనవేలంత."

"అందులో నువ్వు పట్టావా?"

"రెండేళ్ళ కిందట నేనింత లేనుగా! మరిగే నీళ్ళలో ఈదుకుంటూ మేడమీదకెళ్ళా. వాల్వులో చూద్దును కదా, గుర్రమంత తుప్పు కూర్చునుంది. దానికి జోలపాట పాడి నిద్రపుచ్చా. నిద్రే పోయింది, చావలేదు! అప్పుడప్పుడూ లేస్తుంది, నేనెళ్ళి మళ్ళీ పాడతా. నా గొంతు తప్ప ఇంకోటి వినదది. ఈ కంపెనీ కుర్రాళ్ళు వచ్చి దాన్ని లేపితే ఊరు ఊరంతా ఉడికిపోదూ? అందుకే అంటున్నా, సోమవారం నేను దగ్గరుండాలి. సోమవారమే కాదు, ఆ తర్వాత కూడా వారం వారం వచ్చి చూసుకోవాలి."

"తుప్పు కాదు క్లిఫ్," అంది బెరిల్. "మీట."

బెరిల్ వెన్న కత్తి పళ్ళెంలో పెట్టింది.

"మొదటిసారి తప్ప ప్రతిసారీ పైకెళ్ళి ఆ మీట టక్కున వదిలేసి, తర్వాత పది నిమిషాలు ఉత్తుత్తినే గొట్టాలు వాయించేవాడివి. కింద కూర్చుని వినేదాన్ని."

రాన్ కుర్చీ ఇటు తిప్పుకున్నాడు. క్లిఫ్ చెవులు ఎర్రబడ్డాయి. "అది... తువ్వాళ్ళు తగిలి..."

"నలభై ఏళ్ళు చేశావు ఈ పని. తువ్వాలు తగిలితే కదిలే మీటేనా అది? వేలితో గట్టిగా నొక్కిపట్టి, పక్కకి లాగి, కొక్కేనికి తగిలించాలి. రెండుసార్లు గోరు విరిగింది నాకు."

ఆ స్ప్రింగు బిగువు క్లిఫ్‌కి తెలియనిది కాదు. తువ్వాళ్ళే అనుకున్నాడు. ఇంకోలా అనుకోవడానికి ధైర్యం చాల్లేదంతే. నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. క్లబ్బులో ఇదే మొదటిసారని ఆ తర్వాత చాలా రోజులు చెప్పుకున్నారు.

"కొత్తదానికి మీట లేదట," అంది బెరిల్. చెంపలు గులాబీరంగైనా గొంతు మాత్రం తొణకలేదు. "సోమవారం పొద్దుట్నించీ ఇల్లంతా సుత్తులూ దుమ్మూనట. నేనెక్కడైనా కూర్చోవాలి కదా. మీ ఇంట్లో టీ బాగుంటుందా?"

అందరూ కుర్చీలు ముందుకి జరుపుకున్నారు. ఏ దేశపు రాణులు ఆ టీ కోసం వరసలో నిలబడ్డారో, ఇప్పుడు చెబుతాడని.

క్లిఫ్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అంత బాగుండదు," అన్నాడు. "తాగొచ్చు."