టేపు కట్టి లాంచీ లాగిన దర్జీ

రెండు లైఫ్ జాకెట్లు తెచ్చి కుట్టుమిషన్ మీద పడేశాడు ఎలక్ట్రీషియన్. "అన్నా, ఇవి పెద్దవాళ్లవి. మా అమ్మాయిలిద్దరికీ సరిపోయేలా చిన్నవి చేసిపెట్టు. రేపు పొద్దున్నే పడవ తీస్తున్నా."

వాడు పాత మోటారు పడవొకటి కొని వారమైంది. లైసెన్సు క్లాసుకి వెళ్లావా అని దర్జీ అడిగితే నవ్వేశాడు. "నాలుగు ఆదివారాలు బెంచీ మీద కూర్చోవాలట! సరస్సే కదన్నా, సముద్రమా?"

వీధంతా కెప్టెన్ అని పిలిచే ఆ దర్జీ కత్తెర పక్కన పెట్టాడు. అరుగు మీద టీ తాగుతున్న, తాళాలు బాగుచేసే పెద్దాయన, "అయిపోయావు. ఇక చీకటి పడేదాకా కదలవు" అన్నాడు ఎలక్ట్రీషియన్‌తో.

"కూర్చో తమ్ముడూ. నేనూ అచ్చం ఇదే మాట అన్నవాణ్ణే. కానీ ఆ క్లాసు చెప్పే టీచరమ్మ ఉందే, ఆవిడ కడుపు చల్లగుండ, నన్ను మూడుసార్లు ఫెయిల్ చేసింది. నాలుగోసారి ఒక్క ప్రశ్నకి, ఒకే ఒక్క ప్రశ్నకి, కరెక్టుగా జవాబు చెప్పాను. గొప్పలు చెప్పుకునే అలవాటు నాకు లేదు కాబట్టి ఉన్నదే చెప్తున్నా. రెండు పడవలు అడ్డంగా వస్తే ఎవరాగాలి? ఎవరికి అవతలి పడవ కుడిచేతి వైపు కనబడుతుందో వాళ్లు ఆగాలి. చెప్పేశాను. ఆవిడ కళ్లు చెమర్చాయి."

"సంతోషంతోనా, విసుగుతోనా?" అన్నాడు పెద్దాయన.

"మధ్యలో అడ్డురాకు బాబాయ్. ఇక ప్రాక్టికల్. నేనొక్కణ్ణే పడవలో. సగం దూరం వెళ్లానో లేదో, గాలి లేచింది. గాలంటే మామూలు గాలా? ఒడ్డున ఆరేసిన దుప్పట్లు మర్నాడు పక్క ఊళ్లో దొరికాయి. అలలు ముందు మోకాలెత్తు, తర్వాత మేడెత్తు, ఆ పైన లేచిన అల మీంచి చూస్తే మన డాబా మీద మీ వదిన తీగకి పెట్టిన బట్టల క్లిప్పులు లెక్కపెట్టొచ్చు."

గుమ్మం పక్కన గుండీలు కుడుతున్న ఆయన భార్య తలెత్తకుండానే అడిగింది. "ఎన్నున్నాయండీ?"

"పదిహేడు. ఒకటి విరిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నీళ్లలోంచి చేప లేచింది. బస్సంత చేప! నా మీదకే వస్తోంది. ఎటు నుంచి? నా ఎడంవైపు నుంచి. అంటే దానికి నేను కుడిచేతి వైపు. మరి ఆగాల్సిందెవరు?"

"చేపే" అన్నాడు ఎలక్ట్రీషియన్, నోరు జారి.

"అదీ! వేలెత్తి చూపించి రూలు చెప్పాను. సిగ్గుపడింది తమ్ముడూ ఆ చేప. నాలుగడుగులు వెనక్కి జరిగి, తోకతో 'వెళ్లండి, వెళ్లండి' అని సైగ చేసింది. ఆవిడ నేర్పిన ఆ ముక్కే లేకపోతే నేనిప్పుడు మీ ముందుండేవాణ్ణా? సరే, అంతటితో ఊరుకున్నానా? జాకెట్‌కి వేలాడే ఈల తీసి ఊదాను. ప్రమాదమంటే ఐదు పొట్టి ఈలలు, అదీ ఆవిడ చెప్పిందే. ఐదో ఈలకి మబ్బులు చెల్లాచెదురు. అవతలి ఒడ్డున బళ్లో పిల్లలు ఇంటి బెల్లనుకుని పుస్తకాలు సర్దుకుని వెళ్లిపోయారు."

"హెడ్మాస్టరు ఊరుకున్నాడా?" అన్నాడు పెద్దాయన.

"అందరికంటే ముందు వెళ్లింది ఆయనే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నడిమధ్యలో లాంచీ. తొంభై మంది జనం. ఇంజను ఆగి ఒకటే గోల. తాడు లేదు. మరి నా మెళ్లో ఏముంటుంది ఎప్పుడూ? టేపు! అరవై అంగుళాల టేపు విసిరితే, నా కంగారు చూసి జాలిపడి అదే మూడొందల గజాలు సాగింది. ఒక కొస లాంచీకి, ఇంకో కొస నా పళ్ల మధ్య. లాగుతున్నా, లాగుతున్నా... ఊరికే లాగడమెందుకని ఆ తొంభై మందికీ చొక్కా కొలతలు కూడా తీసేసుకున్నా."

"ఏ టేపుతో?"

"ఉన్నదొక్కటే కదా బాబాయ్! ఒడ్డెక్కగానే టీచరమ్మ రెండు చేతులూ జోడించి, 'కెప్టెన్ గారూ, మీకు నేను నేర్పడమేంటండీ' అని లైసెన్సు చేతిలో పెట్టింది."

ఎలక్ట్రీషియన్ నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. "బావుందన్నా. ఇక వీటి పని కానీ. చంకల కింద ఆ స్పాంజి తీసేస్తే పిల్లల ఒంటికి చక్కగా అతుక్కుంటాయి కదా?"

కెప్టెన్ భార్య చేతిలో సూది ఆగింది.

"చెప్పండి. స్పాంజి తీసేస్తే ఏమవుతుందో చెప్పండి" అంది భర్తతో. ఆయన మెళ్లో టేపు సర్దుకున్నాడు. "అయితే నేను చెప్తా. మొదటిసారి పరీక్షకెళ్లిన రోజు గాలీ లేదు, చేపా లేదు. లైసెన్సు ఫోటోలో పొట్ట కనబడుతుందని ముందు రోజు ఈయనే జాకెట్ విప్పి, స్పాంజంతా లాగేసి, నడుం దగ్గర బిగించి కుట్టుకున్నారు. కోటులా కుదిరింది. రేవులో టీచరమ్మ వరసగా అందరి జాకెట్లూ పట్టి చూస్తోంది. తన వంతు రాకుండానే ఈయన పడవెక్కబోయి జారారు. అక్కడ రెండు నిలువుల లోతు. మునిగిన మనిషి పైకి రాలేదు. ఆవిడ కొక్కెం కర్ర నీళ్లలోకి దించి, కాలరుకి తగిలించి లాక్కొచ్చింది. అదే మొదటి ఫెయిలు."



"నీకు ఈత వచ్చు కదన్నా?" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"ఆ రోజు దాకా వచ్చనే చెప్పుకునేవాణ్ణి." కెప్టెన్ జాకెట్లు రెండూ మడతపెట్టి వాడి ఒళ్లో పెట్టాడు. "నలభై సెకన్లేనట నేను నీళ్లలో ఉన్నది. ఆవిడ చెప్పింది. వీటి మీద కత్తెర పెట్టను తమ్ముడూ. పిల్లల బరువుని బట్టి జాకెట్లు వేరే ఉంటాయి, ఆవిడే చూపిస్తుంది. ఫెయిల్ చేసిన ప్రతిసారీ ఆవిణ్ణి తిట్టుకున్నాను. ఇప్పుడు రోజూ షాపు తెరిచేటప్పుడు తలుచుకుంటా."

ఎలక్ట్రీషియన్ ఫోను తీసి ఇంటికి చేశాడు. చిన్న కూతురు ఎత్తింది. ఆ పిల్ల గొంతు అరుగంతా వినబడింది. "నాన్నా, రేపు ఎన్నింటికి లేవాలి?"

"రేపు కాదమ్మా. ఇంకో నెల పడుతుంది."

"ఎందుకు? పడవ పాడైందా?"

"పడవ బాగానే ఉంది తల్లీ. నాన్నకే ఇంకా నడపడం రాదు."