డబ్బాలో నలికండ్ల పాము

కొత్తగూడ ఫ్లైఓవర్ పక్కన చిన్న దవాఖాన. మంచం మీద తోటపని చేసే వీరేశం, ఎదురుగా డాక్టరు భానుశ్రీ. పాపం పోచమ్మ ఒక చేత్తో మొగుణ్ణి, ఇంకో చేత్తో స్టీలు డబ్బాను వదలకుండా పట్టుకుంది.

"మూత తియ్యకుర్రి డాక్టరమ్మ, అది ఇంకా బతికే ఉన్నది."

"చూడాలి కదమ్మా. ఏం కరిచిందో తెలియకుండా వైద్యం ఎలా చేస్తాను?"

"నలికండ్ల పాము. నార్సింగి కాడ అపార్ట్‌మెంట్ల తోటకోసం రాళ్లు తీస్తుంటే ఈయన చేతికి కొరికింది. అది కొరికితే మనిషి బతకడంటరు. జర జల్ది సూది ఏయండి, మీ కాళ్లు మొక్కుత."

"ఉండు... ఓస్, ఇదా. నలికిరి. ఇది పామే కాదమ్మా. చూడు, నాలుగు కాళ్లున్నాయి."

"కాళ్లున్నా విషమే అంటరు గదా."

"చుక్క విషం లేదు. రాళ్ల కింద, ఎండుటాకుల కింద దాక్కుని చెదలూ పురుగులూ తిని బతుకుతుంది. తోకేదీ?"

"చీపురుతోని కొడితే తెగింది. తెగిన తోక ఎగురుతుంటే అందరం ఉరికినం."

"భయమేస్తే తోక వదిలేసి పారిపోతుంది, అంతే. మీ ఆయనకేం కాదు."

"నిజంగనా? ఏమయ్యా, ఇనవడ్తుందా? ఏం కాదంట. కండ్లు తెరువు."

"రెప్పలు లేస్తలేవే."

"ఏమన్నారు? వీరేశంగారూ, నా వేలు చూడండి. ఎన్ని వేళ్లు?"

"రెండు... రెండు కనవడుతున్నయ్."

"ఒక్కటే చూపించాను. సిస్టర్, పాముకాటు మందు ఎక్కించండి, అంబులెన్స్ పిలవండి. పోచమ్మా, ఆ రాయి కింద ఇంకేముంది?"

"ఏం లేదు."

"నలికిరి కరిస్తే ఇలా అవదు."

"నేను చూసింది గదే. గదే చూసిన."

"ఈ రెండు గాట్లు చూడు, ఎంత ఎడంగా ఉన్నాయో. దాని నోరు అంత ఉందా?"

"ఏమో డాక్టరమ్మ, నాకేం ఎరుక."

"పెద్దాసుపత్రి వాళ్లు అడుగుతారు. కాసేపట్లో ఊపిరి అందదమ్మా ఆయనకి. దాచకు."

"ఆయన పేరెత్తొద్దు. తప్పు."

"ఎవరి పేరు?"

"నాగన్న. మా ఇంటి దేవుడు, మమ్ములనెందుకు కరుస్తడు? పక్కరాయి కింద ఇది కనవడ్డది. ఇదే కొరికిందని అందరికీ చెప్పిన."

"నాగుపామా? కళ్లారా చూశావా?"

"పడగ విప్పిండు. ఈయన గడ్డపార ఎత్తిండు. పాపం తగులుతదని నేనే చెయ్యి గట్టిగ వట్టుకున్న. కాటు వడేదాంక ఇడువలే, డాక్టరమ్మా."