మార్కా ముగ్గు

"తాతా, గడప ముంగట స్టిక్కర్ ముగ్గు అంటియ్యనా? రోజూ పొద్దుగాల్నే లేసి ఏసుడు నాతోటి అయితలేదు" అంటివి గదా శిరీషా. అంటియ్యి బిడ్డా. నన్నడుగుడేంది? నేనేమన్న శాస్త్రాలు సదివినోన్నా? నేను సదివిందంత మిల్లు బస్తాల మీది రాతలు.

నిన్ను సూస్తనే ఉన్న. పొద్దున కాలేజి, సాయంత్రం సూపర్ మార్కెట్ల బిల్లులు కొట్టుడు, ఇంటికొచ్చి మల్ల పరదాలు కుట్టుడు, పాత సీసాలల్ల మొక్కలు పెట్టుడు. మీ అమ్మానాయిన త్రిపురారంల పొలం ఇడిసి రాలేరు. గీ సూర్యాపేట కిరాయింట్ల నీకు తోడుండుమని నన్ను పంపిరి. తోడేందో, నువ్వే నాకు మందు గోలీలు యాది చేయవడ్తివి. జర గా కుర్చీ ఇటు జరుపు. ఆఁ. ఇను.

నేను గూడ ముగ్గులేసినోన్నే. నవ్వకు. గీ మీసాలు అప్పుడప్పుడే మొలుస్తున్నయ్. మిర్యాలగూడల డిగ్రీ సదువుతున్న. మధ్యాహ్నం దాక కాలేజి, ఆనుంచి పొద్దుగూకేదాక రైస్ మిల్లు. బస్తాలకు మార్కా ఏసుడు నా పని. మార్కా అంటే, రేకుల అక్షరాలు కోసి ఉంటయ్. దాన్ని బస్తా మీద పెట్టి రంగు రుద్దితే మిల్లు పేరు పడ్తది. గాడిదకు గూడ వస్తది ఆ పని. అందుకే నాకిచ్చిన్రు.

మా అమ్మకు... గదే, మీ నాయినకు నాయినమ్మ... ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క మొత్తం పడిపోయింది. మాట ముద్దముద్దగ వచ్చేది, నాకు సమజయ్యేది. నాయిన లారీ ఎక్కితే ఎప్పుడొస్తడో ఆయనకే తెల్వదు. అక్కను కోదాడకిచ్చినం. ఇగ ఇంట్ల ఆడమనిషంటే నేనే.

అన్నం వండుడు నేర్చుకున్న. మాడినా, మాడలేదన్నట్టే తినేది అమ్మ. బోళ్ళు తోముడు, ఆమెకు నీళ్ళు పోసుడు, అన్నీ పట్టువడ్డయ్. వాకిలి సంగతి మాత్రం నాకు యాదికి రాలే. ఒక పొద్దు ఏమైందంటే, పక్కింటి సైదమ్మత్త కొంగు నోట్ల పెట్టుకోని ఉరికొచ్చింది.

"ఏమైందిరా నర్సిమ్మా! సాన్పి లేదు, ముగ్గు లేదు. మీ అమ్మ పోయిందారా?" అని శోకం ఎత్తుకుంది.

నీకు తెల్సుగ, తెల్లారినంక వాకిట్ల ముగ్గు లేదంటే ఆ ఇంట్ల ఎవరో పోయినట్టు లెక్క. నేను అన్నం గంటెతోటే ఉరికొచ్చి, అమ్మ బతికే ఉందని చెప్పిన. లోపట మంచంల అమ్మ అంత ఇన్నది. సైదమ్మత్త సిగ్గుపడి పోయినంక అమ్మ అన్నది, "నేను బతికున్నన్ని దినాలు వాకిలి బోడిగ పెట్టకురా."

గంతే. మందులు అడగలే, పెద్ద దవాఖాన అడగలే. మంచంల ఉన్న మనిషి, ఇంక ఉన్న అని వాడకు ఎట్ల చెప్పాలె? గది, ముగ్గు చెప్పాలె.

ఇగ చీకట్లనే లేసి, ఎవ్వరు సూడకముందే పేడనీళ్ళ సాన్పి జల్లి ముగ్గేసుడు సురువు జేసిన. ముగ్గుపిండి అప్పుడు అగ్గువ, బండి మీద ఒకామె అమ్ముకుంట వచ్చేది, పాత బట్టకిస్తే డబ్బెడు పోసేది. పిండికి కరువు లేదు, నా చేతికే కరువు. చుక్క ఒకకాడ పెడ్తే గీత ఇంకోకాడికి పోయేది. అక్క కోదాడ నుంచి వచ్చి సూసి, "ఏంట్రా ఇది, కోడి తొక్కిందా? లక్ష్మీదేవి గుమ్మం దాకా వచ్చి దారి తప్పి పక్కింటికి పోద్దిరా" అన్నది. వాళ్ళకు ఆంధ్ర గాలి గదా, తిట్టినా పాట పాడినట్టుంటది. రెండు ముగ్గులు నేర్పి పోయింది.

కాలేజిల నా చేతి ఏళ్ళు పిండితోటి తెల్లగుండేటియి. ఒకనాడు సారు "ఏందయ్యా, మా చాక్‌పీసులు మాయం జేసేది నువ్వేనా?" అన్నడు. నిజం చెప్పిన. చెప్పకుంటే సంగతి ఆడనే అయిపోతుండె. అప్పట్సంది నా పేరు కోడలుపిల్ల. క్లాసుల కునికితే, "కోడలుపిల్ల అలిసిపోయిందిరా, లేపకున్రి" అనేటోళ్ళు. నేను గూడ నవ్వేటోన్ని. నవ్వకపోతే ఏం జేస్తం?

పరీక్షలు దగ్గరవడ్డయ్. పుస్తకం ముట్ట తీరిక లేదు. అప్పుడు నా తెలివి సూడు. మిల్లుల పాత రేకు ముక్క తెచ్చి పువ్వు లెక్క కోసిన. నేల మీద పెట్టుడు, పిండి జల్లుడు, లేపుడు. ముగ్గు తయార్! నీ స్టిక్కర్‌కు తాతను నేనే బిడ్డా.

సైదమ్మత్త ఊకుంటదా? అమ్మ కాడ కూసోని, "నీ కొడుకు ముగ్గు రోజూ ఒక్క తీర్గనే ఉంటదే, అచ్చు గుద్దినట్టు" అని చెప్పింది. నేను మిల్లు నుంచి వచ్చేసరికి అమ్మ ఎదురుసూస్తున్నది.

"మార్కా ఏసినవారా? మన ఇల్లు బస్తానా?"

అని నవ్వింది. సగం మూతితోటి. మంచంల పడ్డంక ఆమె నవ్వంగ నేను సూసింది గదొక్కటే.

రేకు పడేసిన. మల్ల చుక్కలే.

పరీక్షలు సురువైనయ్. రెండు రాసిన. మూడోదాని పొద్దు... జర నీళ్ళియ్యి బిడ్డా... ఆ పొద్దు ఏం పుట్టిందో, ముగ్గు కుదిరింది. ఒక్క గీత తప్పలే. మెలికలన్నీ తిరిగి తిరిగి మొదటికే వచ్చి కలిసినయ్. నాకు నేనే మురిసి, పిండి చేతులతోటి లోపటికి ఉరికిన. "అమ్మా, ఇయ్యాల అన్నీ కలిసినయే!" అన్న.

అమ్మ పలకలే.

పెదనాయిన వచ్చిండు. వాకిట్ల నిలవడి, "సచ్చినింటి ముంగట ముగ్గేందిరా, కడుగు" అన్నడు. ఆయన తప్పేం లేదు, రివాజు అది. సైదమ్మత్త చెంబు అందుకోవోతే వద్దన్న. ఏసినోన్ని నేను, నేనే కడుగుత. ఒక్క చెంబు నీళ్ళు పోసిన. తెల్లగ మోరీలకు పోయింది. దినామైతే పొద్దెక్కేసరికి మిల్లుల ఊకబూడిద పడి ముగ్గు నల్లగయ్యేది. ఆ పొద్దు బూడిద పడేదాక గూడ ఉండలే.

పరీక్ష రాయలే. మల్ల రాద్దామనుకున్న. మిల్లోళ్ళు దినమంత రమ్మన్నరు, పోయిన. మార్కాలు ఏస్తనే ముసలోన్నైన. ఎవరన్న డిగ్రీ సంగతి అడిగితే ఫెయిలైన అని చెప్త. ఫెయిలంటే రాసినట్టుంటది గదా, జర ఇజ్జత్.

ఏం చెప్తున్న నేను? ఆఁ, నీ స్టిక్కర్. అంటియ్యి. ఇడువాల్సొస్తే పరదాలు ఇడువు, ముగ్గు ఇడువు, సదువు మాత్రం ఇడువకు. సల్లగుండు బిడ్డా, నీ గీతలన్ని కలవాలె. కాని ఒక్క మాట. ఆ గమ్ము శాన గట్టిదంట. రేపు నా దినం వచ్చిన్నాడు పెద్దోళ్ళు తియ్యమంటరు, నువ్వు కత్తి పట్టుకోని ఏడ్సుకుంట గీక్కుంట కూసోవద్దు. పిండైతే ఒక్క చెంబుకు పోతది...

జర వదులుగ అంటియ్యి, గంతే.