దొర ముద్ద ముట్టడం లేదు

ముందుగదిలో గోడ పొడవునా గాజుతొట్టి. అందులో మూరెడు పొడవున్న అరోవానా చేప, పేరు దొర. తొట్టి చుట్టూ తాళ్ళు బిగించిన అట్టపెట్టెలు. గదిలో భార్య, భర్త.

"మెల్లగా! మెల్లగా మాట్లాడమన్నానా?"

"మెల్లగానే కదే మాట్లాడుతున్నాను. ఇవాళ కూడా తినలేదా?"

"వాసన కూడా చూళ్ళేదు. రొయ్యని పట్టకారుతో మూతి దాకా తీసుకెళ్ళాను. దొర మొహం తిప్పుకుని ఆ మూలకి పోయాడు."

"నీళ్ళు తేడా చేశాయేమో?"

"నేను తాగే నీళ్ళకంటే బాగున్నాయి. కుళాయి నీళ్ళు నిలవబెట్టి, వెచ్చదనం చూసి మరీ పోశాను. నాకు జ్వరమొస్తే ఎవరైనా ఇలా వేణ్ణీళ్ళు కాచారా ఈ కొంపలో?"

"బతికున్న చేపపిల్లని వేసి చూడకపోయావా?"

"వేశాను. అదిగో, దొర తోక వెనకాలే షికారు చేస్తోంది. వేటాడాల్సినవాడేమో దాక్కుంటున్నాడు. బలిసినవాడి ధైర్యం ఎప్పుడూ ఇంతే."

"నవ్వించకే. నవ్వితే బెదురుతాడు."

"కాలింగ్ బెల్ తీసేశాం. మిక్సీ ఆపేశాం. టీవీ మూగదైపోయింది. మైకు లేకుండా బట్టల ఫ్యాక్టరీ గేటు అదరగొట్టినదాన్ని, నా ఇంట్లో నేనే పిల్లిలా తిరుగుతున్నాను. ఒక చేప కోసం!"

"చేప కోసం కాదు. నాన్న కోసం."

"అవును మరి. ఆయన కంటి ఆపరేషన్ చేయించుకుని వచ్చేసరికి ఇది పైకి తేలిందనుకో, కోడలే ఏదో పెట్టి చంపిందంటాడు."

"అలా అనడు."

"అంటాడు! రోజూ సాయంత్రం నా మీద విరుచుకుపడనిదే ఆయనకి పొద్దు పోయిందా ఎప్పుడైనా? అందుకే కదా ఈ పెట్టెలు సర్దింది. ఆయన ఇంటికొచ్చిన మర్నాడే మనం వేరే కాపురం."

"ఆ మాట ఆయనకింకా చెప్పలేదు."

"చెబుతావులే. ముందు ఆయన చొక్కా తొడుక్కో."

"మళ్ళీనా? నిన్న తొడుక్కున్నాగా! ఆయన దగ్గు కూడా దగ్గాను. దొర నమ్మలేదు. పక్కింటావిడ నమ్మింది. 'ఎప్పుడొచ్చారు బాబాయిగారూ' అని తలుపు కొట్టింది."

"సరే, ఫోన్ చెయ్యి. ఆయన్నే అడుగుదాం."

"ఆయన కంగారు పడకూడదని డాక్టరు..."

"చచ్చాక పడే కంగారుకంటే నయమే. చెయ్యి. స్పీకర్ పెట్టు. మెల్లగా!"

"హలో, నాన్నా, నేనే. కన్నెలా ఉంది?"

"కట్టు విప్పలేదు. నా కన్ను సంగతి తర్వాత. వాడెలా ఉన్నాడు?"

"వాడు... అంటే... బాగానే..."

"ఒరేయ్, నీళ్ళు నమలకు. తినట్లేదా?"

"నువ్వెళ్ళిన దగ్గర్నుంచీ ముద్ద ముట్టలేదు నాన్నా."

"అది సరే, ఆ గుసగుసలేంట్రా? ఇంట్లో ఎవరైనా పడుకున్నారా?"

"బెదురుతాడని అందరం ఇలాగే మాట్లాడుతున్నాం."

"అందరూ? మీ ఆవిడ కూడానా?"

"ముఖ్యంగా ఆవిడే."

"ఓరి దేవుడా! ఒరేయ్, రొయ్యని పట్టకారుతో పట్టుకుని మూత ఓరగా తెరువు. పూర్తిగా తియ్యకు, బయటికి దూకుతాడు. తెరిచావా? ఇప్పుడు కోడల్ని పిలు."

"ఇక్కడే ఉన్నాను మామయ్యా, వింటున్నాను. ఎలా ఉన్నారు?"

"నేనెలా ఉంటే నీకెందుకు లీడరమ్మా? వీధులు పట్టుకు తిరగడం తప్ప, ఒక మూగజీవికి ఇంత తిండి పెట్టడం చేతకాలేదా నీకు?"

"మామయ్యా, మీరు ఆవేశపడకూడదు..."

"పనిచేసుకునేవాళ్ళని లేపుకెళ్ళి గేటు ముందు కూచోబెట్టడమేగా నీకొచ్చిన విద్య! నా చేపని కూడా సమ్మెలో కూచోబెట్టావు!"

"నేనా? ఆఁ, కూచోబెడతాను! పొద్దుగూకేదాకా కుట్టించుకుని మంచినీళ్ళకి కూడా లేవనివ్వకపోతే, గేటు ముందేం ఖర్మ, మేనేజరు కుర్చీలోనే కూచోబెడతాను!"

"ఏయ్, గొంతు, గొంతు..."

"నువ్వాగు! సూపర్‌వైజరు ఉద్యోగం చేసినన్నాళ్ళూ వాచీ పట్టుకుని బాత్రూమ్ గుమ్మం దగ్గర కాపలా కాసిన మనిషి, నాకు నీతులు చెప్పొచ్చాడా? రిటైరయ్యాక కూడా ఈయనకింకా..."

"ఏయ్, చూడవే! వస్తున్నాడు! పైకొస్తున్నాడు!"

"ఎవడొస్తే నాకేం? రానీ! మామయ్యా, మీరసలు..."

"అమ్మో! పట్టకారులోంచి లాగేశాడే! మింగేశాడు! రొయ్య రొయ్యంతా మింగేశాడు!"

"...ఏంటీ?"

"తిన్నాడా, అమ్మా?"

"...తిన్నాడు మామయ్యా."

"హమ్మయ్య. ఇంకోటి పెట్టండి, తింటాడు. సూపర్‌వైజరుగా చేసిన మాట నిజమే కానీ, బాత్రూమ్ దగ్గర మాత్రం నేను కాయలేదమ్మా."

"అది సరే మామయ్యా... అంటే, ఇన్నాళ్ళూ..."

"నువ్వు కాపురానికొచ్చిన కొత్తలో కూడా వాడిలాగే తిండి మానేశాడు. ఒక సాయంత్రం నువ్వు దేనికో నా మీద ఇంతెత్తున లేచావు. చటుక్కున పైకొచ్చి తిన్నాడు. అప్పట్నుంచీ నీ గొంతే వాడికి భోజనాల గంట. నువ్వేమో ఊరికే అరిచే మనిషివి కావు. రోజుకో తగువు వెతకలేక నా తల ప్రాణం తోకకొస్తోంది!"

"ఒక్క మాట చెప్పొచ్చుగా మామయ్యా!"

"చెబితే నవ్వుతావు. నవ్వితే వాడు తినడు."

"నాన్నా, మేం కూడా నీకో మాట చెప్పాలి. ఈ పెట్టెలు..."

"ఏం లేదు మామయ్యా, దుమ్ము దులుపుతున్నాం. ఏయ్, ఆ పట్టకారు ఇలా ఇచ్చి, నువ్వెళ్ళి ఆ తాళ్ళు విప్పు. మామయ్యా, మీరు కళ్ళు మూసుకుని హాయిగా పడుకోండి. రేపటి తగువు నేను వెతుకుతాను."