మూలలన్నీ మాయమైన సభ

కాలేజీ గేటు ఎదుట టీ కొట్టు. బెంచీ మీద రిటైరైన లెక్కల మాస్టారు, పక్కన లైబ్రరీ గుమాస్తా, ఎదురుగా కాగితాల సంచీ ఒళ్లో పెట్టుకుని మాస్టారి తమ్ముడి కూతురు. ఆమె నాన్న పోయి నాలుగు నెలలైంది. ఆయన రాసిన లెక్కల పుస్తకం అచ్చుకు వెళ్లాలి. అందులోని లెక్క అసలు ఎవరు సాధించిందో చెబుతూ ముందుమాట మాస్టారే రాయాలి. అడిగి అడిగి విసిగి ఆమె ఇవాళ ఇక్కడికే వచ్చింది. మాస్టారు మాత్రం గుమాస్తా వైపు తిరిగారు.

"రాద్దాంలేమ్మా, ముందు ఇతనికో సంగతి చెప్పనీ. ఇదిగో, మధ్యలో కోసుగా మడత పడిన గీత ఉంటుంది చూడు, ఎక్కడా తెగదు, కానీ ఆ కోసు మాత్రం కంట్లో గుచ్చుకుంటుంది. దాన్ని వెంట్రుకవాసి కంటే ఎక్కువ జరగనివ్వకుండా నున్నగా చేసి పారేశాను. ఎలాగంటావా, ప్రతిచోటా చుట్టుపక్కల విలువలన్నీ పోగేసి సగటు తీశాను. కోసు దానంతటదే కరిగిపోయింది."

"అది మా లైబ్రరీ పుస్తకాల్లో కూడా ఉంది మాస్టారూ," అన్నాడు గుమాస్తా.

"ఒక దిక్కుకి ఉంటుందయ్యా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పొడవు, వెడల్పు, ఎత్తు అని మూడు దిక్కుల్లో చేశాను, నూరు దిక్కుల్లో చేశాను, చేయి తిరిగిపోయింది. ఇక ఈ చిల్లర పనులెందుకని పెద్ద సభలో లేచి, దిక్కులకు అంతే లేని చోట కూడా చేసి చూపిస్తానన్నాను. హాలంతా నోరెళ్లబెట్టింది. సుద్దముక్క అయిపోతే వేలితో రాశాను, బోర్డు చాలకపోతే గోడ మీద రాశాను, గోడ నిండితే అధ్యక్షుడు లేచి కోటు వీపు చూపించాడు, దాని మీదా రాశాను. భోజనాల గంట కొట్టేలోపు ముగించి తలెత్తి చూద్దును గదా, బల్ల మూలలు గుండ్రం, కిటికీ మూలలు గుండ్రం! ఊడ్చే ఆవిడ చీపురుతో వచ్చి, మూలలు లేకపోతే చెత్త ఎక్కడికి తోయాలని నన్ను దులిపేసింది. బయట వీధుల్లో మలుపులు కూడా పోయాయి. బస్సు తిరగడానికి మలుపు దొరక్క తిన్నగా పోతూనే ఉంది."

"మరి దిగాల్సిన వాళ్లు?" అన్నాడు టీ కొట్టాయన.

"ఇంకా నాకు ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు."

ఇద్దరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"పెదనాన్నా, దిక్కులకు అంతులేని చోట సగటు దేనితో తీశారు?"

"దేనితో ఏమిటమ్మా, మామూలే."

"అక్కడ ఒక గోళంలో దాని పావు సైజు గోళాలు ఒకదానికొకటి తగలకుండా లెక్కలేనన్ని పడతాయి. ఒక్కోదానికి ఇసుమంత ఘనపరిమాణం ఇచ్చినా మొత్తం అనంతమైపోతుంది. ఇవ్వకపోతే సున్నా. పోగేసి భాగించడానికి కొలతే లేనప్పుడు ఇక సగటెక్కడిది? మీరు సభ నుంచి వచ్చిన రోజే నాన్న మీతో ఈ మాట చెప్పాడు. చేతకానివాడే వంకలు పెడతాడని అన్నారట మీరు. ఆ తర్వాత పదకొండేళ్లు నాన్న ఒక్కడే కూర్చున్నాడు. సగటు వదిలేసి, చిన్న చిన్న నున్నటి అతుకులు పరిచాడు, ఏ చోట చూసినా వాటిలో కొన్నే తగిలేలా. అలా కుదిరింది." ఆమె ఒళ్లోని సంచీ దగ్గరికి లాక్కుంది. "మీ కథ నేను ఎన్నోసార్లు విన్నాను. అందులో నాన్న ఒక్కసారి కూడా రాడు. ఎందుకు పెదనాన్నా?"

మాస్టారు గ్లాసు కింద పెట్టారు. టీ మీద మీగడ కట్టింది. గుమాస్తా లేవబోయి, లేస్తే బాగుండదని మళ్లీ కూర్చున్నాడు.

"వాడు చెప్పింది నిజమని ఆ రాత్రే తెలిసిపోయిందమ్మా నాకు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. పదకొండేళ్ల పాటు అనుకుంటూనే ఉన్నాను."

"ఇప్పుడైనా కథలోకి రానివ్వండి."

"వస్తే, చివర పోయాడని కూడా నేనే చెప్పాలి కదమ్మా."

ఆమె సంచీలోంచి తెల్లకాగితం తీసి బెంచీ మీద పెట్టింది, ఎగిరిపోకుండా గ్లాసు బరువు పెట్టింది. ఆయన జేబులోంచి కలం తీశారు. మొదటి వాక్యం రాశాక ఆయన చెయ్యి ఆగిపోయింది. గుమాస్తా తొంగి చూశాడు.

'సగటు కుదరదని నా తమ్ముడు చెప్పాడు, వాడి మాటే నిజమని నేను వాడితో ఒక్కసారీ అనలేదు.'