గుండీల డబ్బాలో తూటా

ఏంట్రా కెవినూ, ఆ తూటాల ప్రెస్ మీద స్క్రూ తిప్పింది నువ్వేనా? పుస్తకంలో ఉన్న నంబరుకి పెట్టేశావా! సరిపోయింది. గరాజ్ ఖాళీ చేసి, రైఫిల్‌తో సహా అమ్మేద్దామని మీ నాన్న పంపాడు కదూ? నేనమ్మను. వాడికి ఇంగ్లీషులోనే చెప్పు ఆ మాట. ముందు కూర్చో, టీ తాగు.

మీ తాతయ్య ఎలియాజరు గారు పోయి పంతొమ్మిదేళ్లు, అప్పటికి నువ్వింకా పుట్టలేదు. ఈ హాలిఫాక్స్‌లో ఆదివారం చర్చి, శనివారం తుపాకీ కాల్చే రేంజి, అదీ ఆయన లోకం. తూటాలు కొనేవారు కాదు, ఈ ప్రెస్ మీదే చేసుకునేవారు. ఇత్తడి తొడుగు, అందులో తుపాకీ మందు, మూతి దగ్గర గుండు. ఆ గుండు తొడుగులోకి ఎంత లోతు దిగాలన్నదే గొడవంతా, అది తేల్చేది ఆ స్క్రూయే. క్లబ్బులో గోర్డన్ అని ఓ పెద్ద తలకాయ ఉండేవాడు. 'ఎలీ, బుక్‌లో కొలత ఉంది, ఫాలో ఇట్' అనేవాడు ముక్కుతో. 'ఆ బుక్ రాసినోడు నా తుపాకీ లోపలికి తొంగిచూశాడా?' అనేవారు ఈయన. నిజమే కదా! పాత రైఫిల్, లోపల అరిగిపోయింది. పుస్తకం ప్రకారం దించితే గుండు బారెల్ గొట్టం లోపలి మెలి గాట్లు అందుకునేలోపు బోలెడు దూరం దూకాలి, ఆ దూకుడులో ఒరుగుద్ది. అందుకని వెంట్రుకవాసి చొప్పున పైకి జరుపుతూ, ఒక్కో కొలతకి ఐదేసి కాల్చి చూసేవారు. గాట్లకి ఆనితే ప్రెషర్ పెరుగుద్దని అందాకా మాత్రం వెళ్లేవారు కాదు. మొండి మనిషే గానీ తెలివితక్కువ మనిషి కాదు. చర్చి వాళ్లేమో 'తుపాకులేంటి బ్రదర్' అని... సర్లే, అదొదిలెయ్.

చివరికి తూటా పొడుగైపోయి తుపాకీకి తూటాలు నింపే మ్యాగజీన్‌లో పట్టలా! గోర్డన్ ఒకటే నవ్వు. 'పట్టకపోతే ఒక్కొక్కటే పెట్టుకుంటా, నీకేం నొప్పి?' అన్నారు. ఆ రోజు మ్యాచ్‌లో గురి కాగితం మీద ఐదు చిల్లులూ నా బొటనవేలి కింద దాగిపోయాయి, నేనే వేలు పెట్టి చూశా.

ఆయన పోయాక అందరూ 'తుపాకీ ఇచ్చేయండి ఆంటీ' అన్నవాళ్లే. అరవై ఒకటో ఏట కుర్రాళ్ల మధ్య క్లాసులో కూర్చుని లైసెన్స్ తెచ్చుకున్నా. ముసలిదాన్నయితే ఏం? ఆ తుపాకీ నాది.

ఏడుపు మొహం పెట్టకు. నువ్వు చెరిపేసిన ఆయన కొలత ఎక్కడికీ పోలేదు. ఆ గుండీల డబ్బా ఇలా తే. బెదరకు, ఇందులో మందు లేదు, కొలత గుర్తుకోసం ఆయన చేసిపెట్టిన ఉత్త తూటా ఇది. ముందు స్క్రూ పైకంతా లేపు, లేకపోతే దీన్నీ నొక్కి పాడుచేస్తావ్. ఇప్పుడు దీన్ని పెట్టి హ్యాండిల్ లాగు. స్క్రూ నిదానంగా దించు... తగిలిందా? ఆపు. ఆయన కూడా సరిగ్గా ఇక్కడే, ఊపిరి బిగబట్టి...

టీ చల్లారింది. ఉండు, ఇంకోటి పెడతా.